పాపాయి పద్దుపుస్తకము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సభలో ఏదేని సాహిత్య విషయముపై మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. కావ్యములను గురించి ప్రసంగించుటకు నా అర్హత స్వల్పము. బడిలో నేను నేర్చినది లెక్కలు మాత్రమే. కావ్యములతో కలిగిన పరిచయమంతయు ఈ గ్రంథాలయపు బీరువాల పుణ్యము. మా తండ్రిగారు 1984లో కరణీకములు రద్దగువరకు ఈ గ్రామపు లెక్కలు వ్రాసిరి. నేను సహకార సంఘపు లెక్కలు వ్రాయుచున్నాను. రెండు తరములుగా మా యింట తెలిసిన విద్య యొక్కటే. జరిగిన దానిని జరిగిన దినముననే వ్రాయవలయును; జరుగని దానిని వ్రాయరాదు. ఇందు రెండవ సూత్రమును నేనొకసారి తప్పితిని. ఆ తప్పు సంఘపు పుస్తకములో జరుగలేదు. మా దౌహిత్రి పుస్తకములో జరిగినది. ఆ సంగతి విన్నవించుకొనుటకై శిశువు యొక్క మొదటి సంవత్సరమును నేడు విషయముగా గైకొంటిని. మా అమ్మాయి అనుమతి పొందియే చెప్పుచున్నాను.

మా అమ్మాయి తొలి కానుపునకు పుట్టింటికి వచ్చినది. అల్లునికి దూరప్రాంతమున ఉద్యోగమగుటచే తల్లియు బిడ్డయు సంవత్సరముపాటు మా యింటనే యుండిరి. శిశువు పుట్టిన సాయంకాలమే నేనొక క్రొత్త పుస్తకమునకు గీతలు గీచితిని. తేది, బరువు, పాలు, నిద్ర, చూపు, చేతులు, మెడ-నడుము-కాళ్లు, వినికిడి, పలుకు అని గడులకు పేర్లు పెట్టితిని. ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన తల్లీ బిడ్డల రక్షణ కార్డును చూచియే ఈ గడులను ఏర్పరచితిని. నా యిల్లాలు నవ్వి, "పసిపిల్లకి కూడా జమాఖర్చులేనా?" అనెను. మొదటి పంక్తిలో 2 కిలోల 800 గ్రాములు అని వ్రాసితిని.

నా యిల్లాలికి పుస్తకముతో పనిలేదు. ఆమె లెక్కయంతయు పిండివంటలలో నున్నది. బిడ్డ నవ్విన నువ్వుండలు, బోర్లపడిన బొబ్బట్లు, కూర్చున్న కుడుములు, పాకిన పాకుండలు, అడుగులు వేసిన అరిసెలు, గడప దాటిన గారెలు, పలుకు వచ్చిన పంచదార చిలుకలు పంచుట మనవారి ఆచారము. ఇంటింటికిని ఈ వరుసలో కొంత భేద ముండవచ్చును. దీనిని తిండి వేడుక యని తేలికగా చూడరాదు. మొదటి అక్షరములు కలియుటచే చదువురాని అవ్వకును ఈ పట్టిక కంఠస్థమైనది. బొబ్బట్లు వచ్చిన దినమున ఆ యింటి బిడ్డ నడుము త్రిప్పినదని వీధియంతయు ఎరుగును. నెలలు గడచినను అవి రానిచో, "ఏమమ్మా, పిల్ల ఇంకా బోర్లపడలేదా?" అని ఎవరో యొకరు అడుగుదురు. కావున పిండివంట యనునది ఊరందరి యెదుట వ్రాసిన పద్దు.

ఇది నేటి వేడుకయు కాదు. బాలకృష్ణుడు తొలిసారి ఒత్తిగిలినపుడు యశోద వేడుక చేసి గోపికలను పిలిచినట్లు భాగవత దశమ స్కంధమున నున్నది. శకటాసుర వృత్తాంతము ఆ దినమున జరిగినదే. వచ్చినవారిని ఆదరించు సందడిలో, బండి క్రింద పరుండిన బిడ్డ యేడ్పు తల్లికి వినబడలేదని అందు చెప్పబడినది. ఆ ఘట్టమును నేను ఈ గదిలోనే ఎన్నియో సార్లు చదివితిని. వేడుకల నడుమ పెద్దలు బిడ్డను గమనింపక పోవుట ఎంత సులభమో నాకు ఇటీవలనే తెలిసినది.

ఇక పుస్తకములోని మొదటి పుటలను చూతము. తొలి నెలలో శిశువునకు పాలు, నిద్ర తప్ప వేరు వ్యాపారము లేదు. 24 గంటలలో సుమారు 16 గంటలు నిద్ర. అదియు ఒక్క పట్టున కాదు. పాలు 8 మొదలు 12 సార్లు. మొదటి దినములలో బరువు కొంత తగ్గగా నేను తూకపు యంత్రమును శంకించితిని. ఆ తగ్గుదల సహజమనియు, రెండు వారములలోపల తిరిగి వచ్చుననియు ఆరోగ్య కార్యకర్త చెప్పినది. అట్లే వచ్చినది. సుమారు ఐదవ నెలకు పుట్టుక బరువు రెండింతలును, సంవత్సరము నిండునప్పటికి మూడింతలును అగుట సామాన్యము. నడినెత్తిమీది మెత్తని మాడు పూడుటకు 12 మొదలు 18 నెలలు పట్టును.

నా యిల్లాలు పీటమీద కాళ్లు చాపి కూర్చుండి, బిడ్డను కాళ్లపై పరుండబెట్టి, నూనె రాచి, నలుగుపెట్టి, గోరువెచ్చని నీరు పోయుచుండెను. స్నానమైన వెంటనే బిడ్డ గాఢముగా నిదురించును. పెద్దల చేతి ఈ నేర్పు పోగొట్టుకొనదగినది కాదు. అయితే ఆ స్నానముతోపాటు వచ్చు కొన్ని యలవాట్లను వైద్యులు వలదందురు. చెవులలో, ముక్కులో నూనె పోయరాదు. సాంబ్రాణి పొగ ముఖమునకు పట్టరాదు. పుట్టిన బిడ్డకు తేనె నాకించుట మనకు మంగళకరమైన ఆచారము. కాని తేనెలో నుండగల యొకజాతి సూక్ష్మజీవులు సంవత్సరములోపు శిశువు ప్రేగులలో వృద్ధిపొంది విషమును పుట్టింపగలవు. కావున ఏడాది నిండువరకు తేనె నీయరాదు. ఆరు నెలలవరకు తల్లిపాలే చాలును. మన వేసవిలో సైతము వేరుగ నీరు పోయనక్కరలేదు. నిద్రపుచ్చునపుడు వెల్లకిల పరుండబెట్టవలయును. ఈ మాటలు విని నా యిల్లాలు తేనెసీసాను తీసి అటకమీద పెట్టినది. మారుమాట యనలేదు.

ఆరవ వారమున బిడ్డ తల్లి ముఖమును చూచి నవ్వినది. నిద్రలోని నవ్వు వేరు, ఎదుటివారిని చూచి నవ్వు నవ్వు వేరు. ఇది రెండవది. నువ్వుండలు పంచబడెను. రెండవ నెలలో కన్నులు దీపమువెంట తిరిగినవి. మూడవ నెలలో మెడ నిలిచినది, పిడికిళ్లు విడినవి, ఉంగా, ఉంగా యని ఊసులు మొదలైనవి. పుస్తకములోని గడులన్నియు వరుసగా నిండుచుండెను. వినికిడి గడి యొక్కటి మాత్రము ఖాళీగా నుండెను. పుట్టినచోట ఆ పరీక్ష చేసినట్లు కాగితములలో లేదు, చేయలేదనియు లేదు.

తొంబదియొకటవ దినమున, ఉదయము, నేను వెనుకనుండి "పాపాయీ" యని పిలిచితిని. బిడ్డ తల త్రిప్పినది. సంతోషముతో వెంటనే "పిలిచిన తిరిగినది" అని వ్రాసితిని. మరునాడు పిలిచిన తిరుగలేదు. నిద్రమత్తనుకొంటిని. ఆ మరునాడును తిరుగలేదు. ఆటలో నున్నదనుకొంటిని. సంఘములో నొక రైతు పద్దు ఒకనాడు సరిపోయి మరునాడు సరిపోకున్నచో నేను రాత్రియెల్ల దీపము పెట్టుకొని కూర్చుందును. ఇంటిలో అట్లు కూర్చుండలేదు. తూర్పు వాకిటనుండి వచ్చు ఎండలో నా నీడ గోడపై కదలుటను చూచి ఆనాడు బిడ్డ తిరిగినదని నాకు చాల కాలమునకు గాని తోచలేదు.

నాలుగవ నెల చివర బిడ్డ బోర్లపడినది. బొబ్బట్లు వీధియంతయు తిరిగెను. ఐదవ నెలలో చేతికందినదెల్ల నోటికి పోవుచుండెను. నా కలము రెండుసార్లు పోయినది. తల్లి ముఖము కనబడిన కేరింతలు, కనబడకున్న రాగము. రాత్రులందు నా యిల్లాలు చీర ఉయ్యాల ఊపుచు జోలపాట పాడును, బిడ్డ నిదురించును. పాటకు నిదురించుచున్నదని మేమందరము అనుకొంటిమి. ఉయ్యాల ఊపునకు నిదురించుచుండెను.

ఆరు నెలలు నిండినవి. అన్నప్రాశనము ఆరవ మాసమున చేయుమని గృహ్యసూత్రములు చెప్పెను. నేటి వైద్యులును ఆరు నెలలు నిండగనే మెత్తని ఆహారమును మొదలిడి తల్లిపాలు కొనసాగింపుమందురు. ఆనాడు బంధువులు వచ్చిరి. నా యిల్లాలి ఒడిలో మా పాపాయియు, ప్రక్కనే పొరుగింటి తల్లి ఒడిలో నెల చిన్నదియైన ఆమె బిడ్డయు కూర్చుండిరి. వారి వెనుక హారతి వేళ గంట మ్రోగెను. పొరుగింటి బిడ్డ ఉలికిపడి గంటవైపు తిరిగినది. మా బిడ్డ గిన్నెలోని పరమాన్నమును చూచుచుండెను.

ఆ సంగతి మా అమ్మాయి యొక్కతయే గమనించినది. బంధువులు వెళ్లిన పిదప నా యొద్దకు వచ్చి, "నాన్నగారూ, పిల్లకి వినపడటం లేదేమో" అనెను. నేనేమంటినో దాచక చెప్పెదను. పుస్తకము తెచ్చి, తొంబదియొకటవ దినపు పద్దు చూపి, "వినిపించుచున్నది, వ్రాసియున్నాను" అంటిని. ఆమె పుస్తకమును చూడలేదు. బిడ్డను చాపపై కూర్చుండబెట్టి ముందు నన్ను నిలువుమని, తాను వెనుకకు పోయి కంచమును గరిటతో కొట్టినది. బిడ్డ నన్ను చూచి నవ్వుచునే యుండెను. మూడుసార్లు కొట్టినది. మూడుసార్లును అంతే.

పెద్దలు ధైర్యము చెప్పిరి. ఫలానావాడు మూడవయేట మాటలాడెననియు, ఊంగాలు కొట్టిన బిడ్డకు చెవుడెట్లు వచ్చుననియు అనిరి. ఈ రెండవ మాట నాకును సబబుగా తోచినది. కాని అది సరికాదని వైద్యులవలన తెలిసికొంటిని. వినికిడి లేని శిశువును తొలి నెలలలో నవ్వును, ఏడ్చును, ఊంగాలు కొట్టును. బ-బ, ద-ద, మ-మ యని హల్లులు కలిపి గొలుసుగా పలుకుట ఆరు మొదలు పది నెలలనడుమ రావలయును. వినికిడి లేని బిడ్డ వెనుకబడుట అచ్చట బయటపడును. అప్పటివరకు వేచియుండుట కాలమును పోగొట్టుకొనుటయే.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రమువారు పెద్దాసుపత్రికి చీటి వ్రాసిరి. అచ్చట బిడ్డను నిద్రపుచ్చి, తలకు తీగలు అంటించి, చెవులలోనికి శబ్దములు పంపి, మెదడు వాటిని అందుకొనుచున్నదో లేదో యంత్రముపై చూచిరి. నొప్పి లేదు, బిడ్డ మేలుకొననైన లేదు. రెండు చెవులందును తీవ్రమైన లోపమున్నదని తేలినది. పుట్టిన ప్రతి వేయిమందిలో ఒకరిద్దరికి ఇట్టి లోపముండుననియు, మేనరికములు గల యిండ్లలో మరింత జాగ్రత్త యవసరమనియు చెప్పిరి. మాది మేనరికపు టిల్లే. నెలలోపల పరీక్ష, మూడు నెలలలోపల నిర్ధారణ, ఆరు నెలలలోపల చికిత్స యనునది ఈ శాస్త్రమున ఒప్పుకొన్న గడువు. మేము వెళ్లునప్పటికే ఆరు నెలలు దాటినవి. అందులో మూడు నెలలు నా పద్దు తిన్నవి.

ఆ రాత్రి పుస్తకము తీసి ఆ పంక్తిపై ఒక గీత గీచి, "తప్పు పద్దు" అని వ్రాసి, తేది వేసి సంతకము చేసితిని. మా సంఘమున తప్పు పద్దును చెరుపరాదు. చదువుటకు వీలుగనే కొట్టివేయవలయును.

అప్పుడు నా యిల్లాలి పట్టిక జ్ఞాపకము వచ్చినది. నవ్వునకు, పొర్లుటకు, పాకుటకు, నడకకు పిండివంట గలదు, పలుకునకును గలదు. వినుటకు లేదు. కంటికి కనబడు దానికే మనము పండుగ చేసితిమి. బిడ్డ వినుట ఎవరికిని కనబడదు. రఘువంశము మూడవ సర్గలో కాళిదాసు బాలరఘువును గురించి, దాది ముందుగా పలికిన మాటను తాను పలికెననియు, ఆమె వ్రేలు పట్టుకొని నడచెననియు చెప్పెను. దాది ముందుగా పలుకుట యనగా బిడ్డ ముందుగా వినుట. చంటిబిడ్డ మెదడు తొలి యేట మాటల ధ్వనులను కూడబెట్టుకొనును. ఆ జమ లేనిదే పిదప పలుకు ఖర్చునకు రాదు. ఇన్నాళ్లును నడక చక్కదనమును చూచితిని గాని, కవి మాటను ముందుంచిన క్రమమును చూడలేదు.

ఎనిమిదవ నెలలో వినికిడి యంత్రములు వచ్చినవి. మొదటి దినమున బిడ్డ బెదరి యేడ్చినది. రెండవ దినమున ఊడబెరికి నోట పెట్టుకొన్నది. బిళ్లవంటి బ్యాటరీ మింగిన ప్రాణాపాయమగుటచే మూతకు బిగింపు వేయించితిమి. చెవి పెరుగుకొలది అచ్చు మార్చవలయును. ఇప్పుడు మా దినచర్య ఇది: లేవగనే యంత్రములు, స్నానమునకు ముందు తీయుట, స్నానమైన పిదప చెవులు తుడిచి తిరిగి పెట్టుట, దినమంతయు ముఖాముఖిగా కూర్చుండి మాటలాడుట. "ఇది పాలు, ఇది గిన్నె, అది కాకి." నా యిల్లాలు పాత జోలపాటలనే పగటిపూట బిడ్డ ముఖమునకు దగ్గరగా పాడుచున్నది. చేతి సైగలును నేర్చుకొనుచున్నాము. వినికిడి తక్కువైన బిడ్డ తెలివి తక్కువ బిడ్డ కాదు. ఏ త్రోవనైనను ఆ బిడ్డకు భాష చేరవలయును.

తక్కిన పెరుగుదల తన త్రోవన తాను నడచినది. ఏడవ నెలలో ఆనుడు లేక కూర్చున్నది, కుడుములు. తొమ్మిదవ నెలలో పాకినది, పాకుండలు. బొటనవ్రేలు చూపుడువ్రేలు కలిపి మరమరాలు ఏరుట, తల్లి దాగిన వెదకుట, క్రొత్తవారిని చూచి ఏడ్చుట ఆ నెలలలోనే వచ్చినవి. పదునొకండవ నెలలో గోడ పట్టుకొని నిలిచినది.

తల్లులారా, ఇక్కడ ఒక మాట. మా బిడ్డ తేదీలను మీ బిడ్డకు కొలబద్దగా పెట్టవలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనదేశముతో కలిపి ఐదు దేశముల ఆరోగ్యవంతులైన శిశువులను పరిశీలించి 2006లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఆనుడు లేక కూర్చుండుట సుమారు 4 నెలలనుండి 9 నెలలవరకును, ఒంటరి నడక 8 నెలలనుండి 17 నెలల పైవరకును ఎప్పుడు వచ్చినను సహజమే. నూటికి నలుగురు బిడ్డలు పాకకయే నడచిరి. పొరుగింట అరిసెలు ముందు వచ్చినవని బిడ్డను చక్రముల వాకరులో నిలువబెట్టి తొందరపెట్టరాదు. ఆ వాకరుల వలని ప్రమాదములు చూచి కెనడా దేశము 2004లో వాటిని నిషేధించినది. నడకకు ఇంత వ్యవధి యున్నది. వినికిడి విషయమున సందేహము కలిగినపుడు మాత్రము ఒక్క దినపు వ్యవధియు తీసికొనరాదు. వెనుకనుండి పిలిచిన ఆరవ నెలకును తిరుగకున్నను, వచ్చిన ఊసులు తగ్గిపోయినను పరీక్ష చేయింపుడు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పుట్టు చెవుడును పరీక్షింపవలసిన లోపములలో నొకటిగ చేర్చిరి. 6, 10, 14 వారముల టీకాలకు, తొమ్మిదవ నెల టీకాకు బిడ్డను తీసికొనిపోయినపుడెల్ల ఈ ప్రశ్న అడుగుడు. అడిగినందువలన నష్టము లేదు.

గ్రంథాలయమువారికి నాదొక విన్నపము. ఈ యిరువదియైదేండ్లలో ఈ గది మాకు పురాణములను, కావ్యములను ఇచ్చినది. ఇక వాకిటి గోడపై పెద్ద అక్షరములతో, ఏ నెలకు బిడ్డ ఏమి చేయునో, ఏది కానరాకున్న ఎచ్చటికి పోవలయునో ఒక పట్టికను వ్రాయింపుడు. ఆ సున్నపు, రంగుల ఖర్చు నేను భరించెదను. వార్తాపత్రిక కొరకు వచ్చు తాతలును దానిని చదువుదురు. తాతలు చదువుట అవసరమని నా యనుభవము.

గత మాసమున మా పాపాయికి సంవత్సరము నిండినది. పుట్టినరోజునాటికి నాలుగు దినముల ముందు నా యిల్లాలు వంటయింటినుండి పిలువగా బిడ్డ తిరిగి చూచినది. నేను వెంటనే వ్రాయలేదు. నీడ యున్నదేమో చూచితిని. కిటికీ మూసితిని. మరల పిలిపించితిని. మూడు దినములు, పూటకొకసారి పరీక్షించి, నాల్గవ దినమున మా అమ్మాయిచేత ఆ పద్దు వ్రాయించితిని. ఆ సాయంకాలము నా యిల్లాలు వడపప్పు, పానకము పంచినది. వినికిడికి వకారము సరిపోయినదని ఆమె చెప్పినది. మా వీధివరకు ఇది క్రొత్త ఆచారము; మీకు నచ్చిన మీరును పాటింపవచ్చును.

పలుకు గడి ఇంకను ఖాళీగనే యున్నది. "బ-బ" యని మొన్న వినబడెను. అది మాటయో ఊసో తేలలేదు గనుక వ్రాయలేదు. ముందు శస్త్రచికిత్స యవసరమగునో లేదో వైద్యులు చూచి చెప్పవలసియున్నది. పంచదార చిలుకల అచ్చులు మాత్రము తోమి గూటిలో పెట్టియున్నవి.